నేను ఎక్కని ఆరూ పది బస్సు

అధ్యక్షస్థానంలో కూర్చున్న పెద్ద మేనేజరు గారికి, ఆయన పక్కన కూర్చుని ఇందాకటి నుంచి నా మైకు ఎత్తు సరిచేస్తూనే ఉన్న యూనియన్ కార్యదర్శి గారికి, ముందు వరసలో ఉన్న పెద్దలకి, ముఖ్యంగా రిటైరై పదిహేనేళ్లయినా ఇవాళ చేతికర్ర పట్టుకుని రెండంతస్తులు ఎక్కి వచ్చిన మా పాత ఆఫీసరు గారికి, టైం టేబుల్ సెక్షన్లో నాతో పనిచేసి, నన్ను భరించి, నా వెనక నన్ను ఏమేమో పిలుచుకున్న మిత్రులందరికీ నమస్కారం. ఏమేమి పిలుచుకున్నారో నాకు తెలుసు. (నవ్వులు)

నాకు బహుమతిగా గోడ గడియారం ఇచ్చారు. ముప్పై ఐదేళ్లు బస్సులకి టైములు వేసిన మనిషికి గడియారం ఇవ్వాలన్న ఆలోచన ఎవరికొచ్చిందో గానీ వాళ్లకో దండం. (నవ్వులు) సరే, దాన్ని ఇక్కడే మైకు పక్కన పెట్టుకున్నాను. ఐదూ ముప్పై ఆరు. నాకు పావుగంట ఇచ్చారు, అంతకంటే కాస్త ఎక్కువే తీసుకుంటానని వాళ్లకీ తెలుసు. కార్యదర్శి గారు నా గురించి చెప్పినవన్నీ విన్నాను. అంకితభావం అన్నారు, త్యాగం అన్నారు, ఈవిడకి ఆఫీసే ఇల్లు అన్నారు. ఆ మాట అన్నప్పుడు మా ఆయన హాల్లో లేకపోవడం మంచిదైంది.

ఇవాళ ఇక్కడ రెండు వీడ్కోళ్లు. హాలు మళ్లీ వచ్చే నెలాఖరు దాకా దొరకదన్నారు, అందుకని ముప్పై ఐదేళ్లు చేసి రిటైరవుతున్న నన్నూ, ఇరవై రెండు నెలలు చేసి వేరే ఉద్యోగానికి వెళ్తున్న ఒక అమ్మాయినీ ఒకే కేకు మీద పంపేస్తున్నారు. అదిగో, చివరి వరసలో, తలుపు పక్కన, ఒళ్లో బ్యాగు పెట్టుకుని కూర్చుంది చూశారా, ఆ అమ్మాయే. తన వీడ్కోలు సభలో కూడా తలుపు పక్కనే కూర్చుంది. ఎందుకో సెక్షన్ వాళ్లకి తెలుసు. (నవ్వులు) తెలియని పెద్దల కోసం చెబుతున్నాను: మేమంతా ఆమెని ‘ఆరూ పది’ అంటాం. మన గేటు ఎదురుగా ఉన్న స్టాపు నుంచి రోజూ సాయంత్రం ఆరూ పదికి బయల్దేరే బస్సుంది. చేరిన మొదటి రోజు నుంచి నిన్నటి దాకా ఆమె ఆ బస్సు ఒక్కసారి కూడా మిస్సవలేదు.

మా ఇద్దరికీ చెరో కార్డు ఇచ్చారు. నా కార్డు మీద తొమ్మిది సంతకాలు, తొమ్మిదింటి పైనా ఒకటే మాట, ‘మీ సేవలు మరువలేనివి’. ఆ అమ్మాయి కార్డు కూడా చూశాను. కేకు కోసేటప్పుడు టేబుల్ మీద పెట్టింది; ఒకరి కార్డు చూడకూడదు, చూశాను. చోటు చాలక అంచుల వెంబడి తిప్పి తిప్పి రాశారు. బొమ్మలు గీశారు. డిపో డ్రైవర్లు కూడా రాశారండీ! నా చార్టు డిపోకి చేరితే చాలు, వాళ్ల మొహాలు మాడిపోతాయి, ఆ డ్రైవర్లు ఈ పిల్లకి ‘మళ్లీ రావమ్మా’ అని రాశారు. నాకు ఒళ్లు మండింది. కుళ్లు అంటారు చూడండి, అదే. అరవయ్యేళ్ల మనిషిని, వేదిక మీద నిలబడి చెప్పుకోవాల్సిన మాట కాదు. కానీ ఇవాళ ఆఖరి రోజు, ఇవాళ కూడా చెప్పకపోతే ఇంటికెళ్లి మా ఆయన్ని సతాయిస్తాను.

ఇరవై రెండు నెలలుగా ఈ అమ్మాయిని చూస్తే నాకు కడుపుమంట. ఐదూ యాభై ఐదు కాగానే లేస్తుంది. తన కప్పు కడుక్కుని కిటికీ గట్టు మీద బోర్లిస్తుంది. కంప్యూటర్ ఆపుతుంది. నా టేబుల్ ముందు నుంచి వెళ్తూ ‘వెళ్లొస్తా మేడం’ అంటుంది. అడగడం కాదు, చెప్పడం. నేను సగం సర్వీసు దాకా మా ఇంటికి నేను వెళ్లడానికి ‘వెళ్లనా సార్’ అని అడిగినదాన్ని.

మా పాత ఆఫీసరు గారిని మేమంతా ‘ఒక్క నిమిషం గారు’ అనేవాళ్లం. సార్, మీకు తెలుసో లేదో, ఇవాళ తెలిసిపోయింది. (నవ్వులు) సరిగ్గా ఐదూ యాభై ఐదుకి గది తలుపు తీసి ‘అమ్మా, ఒక్క నిమిషం’ అనేవారు. ఆ నిమిషం ఏడున్నర దాకా సాగేది. తర్వాత ఆ కుర్చీలోకి నేనొచ్చాను, కుర్చీతో పాటు ఆ మాట కూడా నాకే వచ్చింది. ఈ అమ్మాయి చేరిన మూడో రోజున, అది బ్యాగు భుజాన వేసుకుంటుంటే, ‘ఒక్క నిమిషం, ఆ తొమ్మిదో రూటు చార్టు చూసి పో’ అన్నాను. ‘రేపు తొమ్మిదింటికి ఆ నిమిషం మీదే మేడం’ అంది. నవ్వుతూనే అంది. నవ్వుతూనే వెళ్లిపోయింది. సెక్షన్ అంతా తలలు దించుకుని కీబోర్డుల వంక చూస్తున్నారు. నవ్వు ఆపుకోవడానికని నాకు తెలియదా?

ఒక ఆదివారం ఫోన్ చేశాను, ఎత్తలేదు. సోమవారం అడిగితే ‘నిన్న ఆదివారం కదా మేడం’ అంది, నాకు వారాలు తెలియవన్నట్టు. ఆదివారాలు ఈత నేర్చుకుంటోందిట. ఇరవై ఏడేళ్లకి! ‘నిన్న మునగకుండా ఇవతలి గట్టు నుంచి అవతలి గట్టుకి వెళ్లిపోయా మేడం’ అని చేతులు ఊపుతూ చెబుతుంటే సెక్షన్ అంతా చుట్టూ మూగారు. నేను ఫైలు చూస్తున్నట్టు నటించాను. నాకు ఈత రాదు. నేర్చుకోవాలని ఆమె వయసులోనే అనుకున్నాను, వీలు చూసుకుని. పైగా ఇది ఆమెకి మూడో ఉద్యోగం, ఇప్పుడు వెళ్లేది నాలుగోది. మా కాలంలో ఉద్యోగం మారారంటే ఇంట్లో ఏదో జరక్కూడనిది జరిగిందనుకునేవాళ్లం. వీళ్లు బస్సు మారినంత తేలిగ్గా మారతారు, మారేముందు ఎక్కడ దిగాలో కూడా వాళ్లకి తెలుసు.

అసలు మంట ఎక్కడో చెబుతాను. ఆమె ఆరింటికి వెళ్లిపోతే నేను కాచుకుని కూర్చునేదాన్ని. ఎక్కడో ఏదో తప్పుతుంది, ఏ డిపో నుంచో ఫోన్ వస్తుంది, అప్పుడు చెబుతా దీని సంగతి అని. రాలేదు. ఇరవై రెండు నెలల్లో ఒక్కసారి కూడా రాలేదు. ఆమె చార్టులు చెప్పిన వేళకి, తప్పు లేకుండా నా టేబుల్ మీద ఉండేవి, బస్సులు వాటి దారిన అవి నడిచేవి. నేను ఆరింటికి లేచి వెళ్తే బస్సులన్నీ ఎక్కడివక్కడ ఆగిపోతాయని నమ్మి ముప్పై ఐదేళ్లు కూర్చున్నానే, మరి ఎవరి కోసం కూర్చున్నట్టు? ఆ మాట ఆమె నన్ను ఎప్పుడూ అడగలేదు. కప్పు కడుక్కుని వెళ్లిపోయేది, అంతే.

మంచినీళ్లు... చాలు, చాలు. ఐదూ నలభై నాలుగు.

మా సెక్షన్లో ఒక రివాజుంది. బస్సుకి టైం వేసినవాళ్లే దాని మొదటి ట్రిప్పు ఎక్కాలి, నోటు పుస్తకం పట్టుకుని చివరి స్టాపు దాకా వెళ్లాలి. సీటు ఖాళీగా ఉన్నా కూర్చోకూడదు, ఎందుకంటే బస్సు ఎక్కడ ఆలస్యమవుతోందో నిలబడ్డవాళ్ల కాళ్లకే తెలుస్తుంది. ఈ రివాజు పెట్టింది కూడా ఒక్క నిమిషం గారే, మంచి రివాజు. నేను నూట నలభై బస్సులు అలా ఎక్కాను. ఒక్కటి మాత్రం ఎక్కలేదు.

ముప్పై ఏళ్ల కిందట మా అమ్మాయికి మూడేళ్లు. పిల్లల బడి ఆరున్నరకి మూసేసేవారు. మా ఆయనకి కళ్లద్దాల షాపు. జనం వచ్చేదే సాయంత్రం, ఆ వేళకే ఆయన షటర్ దించి పిల్లని తీసుకురావడానికి పరుగెత్తేవాడు. ఈ దారిన ఆ వేళకి బస్సు లేదు. నేనే లెక్క వేసి, నేనే ఫైలు కదిపి, ఆరూ పదికి ఒక బస్సు పెట్టించాను. ఆరూ ఇరవై ఎనిమిదికి పిల్లల బడి ముందు ఆగేట్టు. స్వార్థమే, కానీ ఆ దారిన ఇంకో వందమందికి పనికొచ్చింది కాబట్టి ఎవరూ పట్టుకోలేదు. (నవ్వులు) అది మొదలైన రోజు పొద్దున్న మా అమ్మాయికి గడియారం చూపించి, ‘పెద్ద ముల్లు ఆరు మీదికి రాకముందే వచ్చేస్తా’ అని చెప్పాను. మా ఆయనతో ‘ఇక నువ్వు షాపు మూయక్కర్లేదు’ అన్నాను.

సాయంత్రం ఐదూ యాభై ఐదు. ‘అమ్మా, ఒక్క నిమిషం.’

మా సెక్షన్ కిటికీలోంచి స్టాపు కనిపిస్తుంది. చేతిలో కాగితాలు పట్టుకుని చూస్తూ నిలబడ్డాను. బస్సు వచ్చింది, ఆగింది, వెళ్లిపోయింది. సరే, రేపు ఎక్కుదాం అనుకున్నాను. మర్నాడూ ఒక్క నిమిషమే. బడి ఆయా షాపుకి ఫోన్ చేస్తే మళ్లీ ఆయనే వెళ్లి తెచ్చాడు, ఆ తర్వాత ఎవరూ చెప్పకుండానే రోజూ షటర్ దించడం మొదలుపెట్టాడు. సార్, నేను మిమ్మల్ని అనట్లేదు. మీరు ఒక్క నిమిషం అన్నారు, నేను కాదనలేదు. ఇంకా నిజం చెప్పాలంటే, ‘నువ్వు లేకపోతే ఈ సెక్షన్ నడవదమ్మా’ అని మీరు అంటుంటే నాకు ఎంత హాయిగా ఉండేదో.

ఆ బస్సు వైపు చూడటం మానేశాను. ఈ అమ్మాయి వచ్చాక మళ్లీ మొదలుపెట్టాను. ఎడమ పక్క మూడో కిటికీ సీటు. ఎక్కుతుంది, కూర్చుంటుంది, పుస్తకం తీస్తుంది. అది నేను పెట్టించిన బస్సు, ఆ సీట్లో కూర్చోవాల్సింది నేను. ఆ చేతిలో పుస్తకం బదులు నాకు నోటు పుస్తకం ఉండేది, అంతే తేడా. సరే, రివాజు ప్రకారం నిలబడేదాన్నే అనుకోండి, తర్వాతి రోజుల్లోనైనా కూర్చునేదాన్నిగా! పై నుంచి చూసి రోజూ ఏడ్చాను. కళ్లనీళ్లు రాలేదు గానీ ఏడుపే.

చేరిన నెల లోపలే ఆమె ఒక కాగితం తెచ్చి నా ముందు పెట్టింది.

‘మేడం, ఆరూ పది బస్సు రోజూ ఆరు నిమిషాలు లేటని అంటున్నారు కదా. డ్రైవర్లు లేటు చేయట్లేదు. మన టైమే తప్పు.’

‘అది ఎవరు వేసిన టైమో తెలుసా?’

‘తెలుసు మేడం. కింద మీ సంతకం ఉంది.’

సంగతేమిటంటే రైలు గేటు. ఆరూ పద్నాలుగుకి గేటు పడుతుంది, మన బస్సు సరిగ్గా ఆరూ పదిహేనుకి అక్కడికి చేరి ఆరు నిమిషాలు నిలబడిపోతుంది. అదే ఆరూ నాలుగుకి బయల్దేరితే గేటు పడకముందే దాటేస్తుంది. మొదటి ట్రిప్పు ఎక్కిన ఎవరికైనా తెలిసిపోయే విషయం. నేను ఎక్కలేదు. ఎక్కలేదని ఎవరికీ చెప్పలేదు కూడా. ముప్పై ఏళ్లు ఆ బస్సు లేటుకి డ్రైవర్లకి మెమోలు ఇస్తూ వచ్చాను. వాళ్లు ఆమె కార్డు మీద ఎందుకు రాశారో మీకిప్పుడు అర్థమై ఉంటుంది. ఆ కాగితం తీసుకుని ‘పరిశీలిస్తాను’ అన్నాను. సొరుగులో పెట్టి ఇరవై ఒక్క నెలలు పరిశీలించాను.

నెల కిందట రాజీనామా ఇచ్చింది. ‘ఎందుకు?’ అన్నాను. ‘కొత్త చోట శుక్రవారం మధ్యాహ్నం నుంచి సెలవు మేడం. ఇంటి నుంచి పది నిమిషాల నడక.’ ‘అందుకోసమేనా?’ అన్నాను. ‘అందుకోసమే’ అంది. జీతం అంటుందనుకున్నాను. నా పోరు పడలేక అంటుందనుకున్నాను, పోనీ అదన్నా నాకు కాస్త మర్యాదగా ఉండేది. శుక్రవారం మధ్యాహ్నం కోసం ఉద్యోగం మానేయొచ్చని నాకెవరూ చెప్పలేదు. ఆ రోజంతా నాకు తిండి సహించలేదు.

ఇక చెప్పాల్సింది చెబుతాను. పెద్ద మేనేజరు గారూ, ఇది మీరు కూడా వినాలి.

సోమవారం పొద్దున్న ఈ అమ్మాయి కొత్త ఉద్యోగంలో చేరాలి. ఇక్కడి నుంచి రిలీవింగ్ కాగితం తీసుకెళ్లకపోతే చేర్చుకోరు, ఆ కుర్చీ కోసం ఇంకొకరు వరసలో ఉన్నారు. ఆ కాగితం మీద సెక్షన్ హెడ్ సంతకం ఉండాలి. సెక్షన్ హెడ్ని నేను, అదీ ఇవాళ ఆరింటి దాకే. ఆరు దాటాక నా సంతకానికి విలువ లేదు, కొత్త హెడ్ చేరేది సోమవారం మధ్యాహ్నం. పదకొండు రోజులుగా ఆ కాగితం నా దగ్గరే ఉంది. ఆమె అడిగినప్పుడల్లా పెద్ద మేనేజరు గారి టేబుల్ మీద ఉందని చెప్పాను. (హాల్లో కలకలం) అయ్యా, మీరు అలా చూడకండి. మీ టేబుల్ మీదికి అది ఎప్పుడూ రాలేదు. నా హ్యాండ్‌బ్యాగులో ఉంది. మరిచిపోలేదు, పని ఒత్తిడీ కాదు. నేను ఈ గేటు దాటలేకపోయాను కదా, ఇదెలా దాటుతుందో చూద్దామనిపించింది. అంత నీచంగా అనిపించింది, అనిపించినట్టే చేశాను.

ఎందుకమ్మా లేచావు? కూర్చో. ఏమంటోంది? ఆమెకి మైకు అందదు, నేనే చెబుతాను. ‘తెలుసు మేడం’ అంటోంది.

ఎలా తెలుసు?

‘మీ బ్యాగు జిప్పు పట్టట్లేదు కదా మేడం. ఫోల్డరు మూల రోజూ కనిపిస్తూనే ఉంది’ అంటోంది.

మరి గట్టిగా అడగలేదేం?

‘మూడుసార్లు అడిగాను మేడం.’

(బ్యాగులోంచి ఫోల్డరు బయటికి తీసి)

అవును. మూడుసార్లు అడిగింది. నాలుగోసారి అడగలేదు. ఈ అమ్మాయి నవ్వకుండా నాతో మాట్లాడటం ఇదే మొదటిసారి. నవ్వక్కర్లేదు తల్లీ, నేను నవ్వించే పని చేయలేదు.

కార్యదర్శి గారూ, పెన్ను ఇవ్వండి. ఇది రాయట్లేదండీ, ఇంకోటి. ఎవరైనా ఇవ్వండి, ఐదూ యాభై నాలుగు! ...ఆఁ. ఇదిగో సంతకం. ఇదిగో తేదీ. టైం కూడా వేస్తున్నాను, నా అలవాటు. (చప్పట్లు) చప్పట్లు కొట్టకండి. పదకొండు రోజులు లేటుగా చేసిన పనికి చప్పట్లేమిటి, డ్రైవరయితే మెమో ఇచ్చి ఉండేదాన్ని.

ఆగండి, ఇంకో సంతకం ఉంది. ఇది సొరుగులోది. ఆరూ పది బస్సు సోమవారం నుంచి ఆరూ నాలుగుకి బయల్దేరుతుంది. ‘తయారుచేసినవారు’ అన్న చోట ఆమె పేరే ఉంది, ఉంటుంది. రివాజు ప్రకారం మొదటి ట్రిప్పు ఆమె ఎక్కాలి, కానీ సోమవారం ఆమె ఇక్కడ ఉండదు. సెక్షన్లో ఎవరో ఒకరు ఎక్కండి. ఆరింటికల్లా మెట్లు దిగాలి మరి. కొత్త హెడ్ ‘ఒక్క నిమిషం’ అంటే ఏం చెప్పాలో ఇరవై రెండు నెలలుగా విన్నారుగా. (నవ్వులు)

నా మంట చల్లారిందనుకోకండి. సంతకం పెట్టినంత మాత్రాన కుళ్లు పోదు. వచ్చే శుక్రవారం మధ్యాహ్నం కుర్చీలో కూర్చుని గడియారం చూస్తాను, ఇప్పుడు బయటికొచ్చి ఉంటుంది, ఇప్పుడు ఇల్లు చేరి ఉంటుంది అనుకుంటాను. నాకిక అన్నీ శుక్రవారం మధ్యాహ్నాలే కదా అంటారేమో. ఇరవై ఏడేళ్లప్పుడు వచ్చే శుక్రవారం వేరండీ.

ఇవాళ పొద్దున్న మా ఆయనతో ‘సాయంత్రం ఆరూ పది బస్సుకి వచ్చేస్తా’ అన్నాను. ఆయన కళ్లద్దాలు తుడుచుకుంటూ ‘ముప్పై ఏళ్ల కిందట కూడా ఇదే చెప్పావు’ అన్నాడు. దెప్పడం ఆయనకి రాదు. గుర్తుంది కాబట్టి అన్నాడు. ‘సభకి రావా మరి?’ అంటే ‘బడి స్టాపు దగ్గర ఉంటాలే’ అన్నాడు. పిల్లల బడి ఇప్పుడు లేదు, ఆ చోట మందుల షాపు వచ్చింది, స్టాపు మాత్రం అక్కడే ఉంది. అంటే ఇవాళ కూడా ఆయన షటర్ దించాడన్నమాట. ఆరూ ఇరవై ఎనిమిదికి వాచీ చూసుకుంటాడు. ఆరూ ఇరవై తొమ్మిదికి, ఇక రాదులే అనుకుంటాడు. ఆ ఆరు నిమిషాలు గేటు దగ్గర నిలబడి ఉంటానని, అది నేను వేసిన తప్పు టైము వల్లేనని ఆయనకి తెలియదు.

అమ్మాయ్, మూడో కిటికీ సీటు నీదే. నేను కూర్చోను, వేసినవాళ్లు నిలబడాలి. నాతో మాట్లాడక్కర్లేదు, నీ పుస్తకం నువ్వు చదువుకో. ఇదిగో నీ కాగితం, వెళ్తూ తీసుకో.

ఐదూ యాభై తొమ్మిది. రెండంతస్తుల మెట్లు, ఆపైన రోడ్డు దాటాలి, నా మోకాళ్లకి పది నిమిషాలు పడుతుంది. సభ పెట్టినవాళ్లకి, వచ్చినవాళ్లకి, నా కార్డు మీద రాసిన తొమ్మిది మందికి, రాయనివాళ్లకి కూడా కృతజ్ఞతలు. కేకులో నా సగం డ్రైవర్లకి పంపండి. గడియారం సెక్షన్లోనే తగిలించండి, తలుపుకి ఎదురుగా.

ఏంటి సార్? చెయ్యెత్తారు? ఏమన్నారు?

ఒక్క నిమిషమా?

(నవ్వులు)

కుదరదు సార్. మా ఆయన స్టాపులో నిలబడి ఉన్నాడు. సెలవు.